తోడుకునేవాళ్ళు, పోయించుకునేవాళ్ళు

1973 జూన్‌లో నన్ను బందరు నుంచి విజయవాడలోని ఒక బాలికల హైస్కూలుకు బదిలీ చేశారు. హోదా బి.ఎడ్. అసిస్టెంటు. చెప్పాల్సింది జీవశాస్త్రం. చేరిన కొద్ది రోజులకే హెడ్‌మిస్ట్రెస్ గారు పిలిచి, గైడ్స్ చూసుకునే టీచరు ప్రసూతి సెలవులో ఉందనీ, ఇకనుంచి ఆ పని కూడా నాదేననీ చెప్పారు. హెడ్‌మిస్ట్రెస్ చెప్పినదానికి కాదనే అలవాటు ఆ రోజుల్లో అసిస్టెంట్లకు లేదు. శిక్షణకు పంపితే వెళ్ళి, నీలం చీర, మెడలో స్కార్ఫుతో గైడ్ కెప్టెన్‌నై తిరిగి వచ్చాను.

తెలియనివారి కోసం చెబుతాను. మగపిల్లలకు స్కౌట్లు, ఆడపిల్లలకు గైడ్లు. ఒక స్కూలు గైడ్లందరినీ కలిపి కంపెనీ అంటారు. కంపెనీని చిన్న జట్లుగా విడగొడతారు, ఆ జట్టును పెట్రోల్ అంటారు. మా పెట్రోళ్ళకు పూల పేర్లుండేవి. ఒక్కోదానికి ఒక లీడరు. అసలు పెట్రోలు దొరక్క కార్లు షెడ్లలో పడుకున్న రోజులవి. స్కూల్లో ఇంతమంది పెట్రోలు లీడర్లుండగా బంకు దగ్గర క్యూ ఎందుకండీ అని మా గుమాస్తా గారు వేళాకోళం ఆడేవారు.

మందారం పెట్రోల్ లీడరు సుగుణ. పదో తరగతి. క్రైస్తవులు ఎక్కువగా ఉండే గుణదల నుంచి నడిచి వచ్చేది. తండ్రి రైల్వేలో ఫిట్టరు. తాతల కాలంలో క్రైస్తవం పుచ్చుకున్న మాల కుటుంబం. ఆ పిల్ల గొంతు పెద్దది. గ్రౌండు ఆ చివర నుంచి ఆర్డరు వేస్తే స్టాఫ్ రూములో మేం కూడా సర్దుకుని కూర్చునేవాళ్ళం. ముడులు, ప్రథమ చికిత్స, సంకేతాలు అన్నీ పాసయింది. పెద్ద బ్యాడ్జి రావడానికి ఇంక ఒక్క పరీక్షే మిగిలింది. అది క్యాంపు వంట. ఆ పరీక్ష స్కూలు ఆవరణలో పెట్టడానికి వీల్లేదు. పల్లెలో, ఆరుబయట, శిబిరంలోనే జరగాలి. బావిలో నీళ్ళు తోడటం దగ్గర నుంచి, పొయ్యి తవ్వి, మంట వేసి, తన పెట్రోల్‌కంతా వండిపెట్టడం దాకా అభ్యర్థి తన చేత్తో చేయాలి. బయటి నుంచి పరీక్షకురాలు వచ్చి చూస్తుంది. ఆ వేసవితో సుగుణ స్కూలు చదువు అయిపోతుంది కాబట్టి ఆమెకు ఉన్నది ఈ ఒక్క శిబిరమే. నర్సు ట్రైనింగు ఇంటర్వ్యూలో ఆ బ్యాడ్జి చూస్తారని ఎవరో చెప్పారట. నిజమో కాదో నాకు తెలియదు గానీ ఆమె మాత్రం గట్టిగా నమ్మింది.

శిబిరానికి స్థలం వెతకడం కెప్టెన్ పని. ముందు తాను ఒక్కతే వెళ్ళి చూడాలి. గుడారాలకు మెరక నేల, గాలివాలుకు దూరంగా మరుగుదొడ్డి గోతులు, దగ్గర్లో డాక్టరు, అన్నిటికంటే ముందు నీళ్ళు. కాలువ నీళ్ళు శిబిరానికి పనికిరావని హెల్త్ ఇన్‌స్పెక్టర్ల కట్టడి. కాబట్టి బావి ఉండాలి. వాకబు చేస్తే బందరు రోడ్డు మీద, ఉయ్యూరు దారిలో, కాలువ గట్టున ఒక సేవాకేంద్రం ఉందని తెలిసింది. లాభాపేక్ష లేని సంస్థ. దాతలిచ్చిన భూమి, ఒకప్పుడు నూలు వడికిన పెద్ద హాలు, కొబ్బరిచెట్లు, మంచి ఊటబావి. పేరు రాయను. రాస్తే ఆ ఒక్క సంస్థే అలాంటిదనుకుని మిగతావాళ్ళు హాయిగా నిద్రపోతారు.

కుప్ప నూర్పిళ్ళు అయ్యాక ఒక శనివారం వెళ్ళాను. గేటు మీద బోర్డు: కుల, మత, వర్గ భేదం లేక అందరికీ స్వాగతం. కార్యదర్శి గారు పెద్దమనిషి, ఖద్దరు కట్టుకుంటారు. సాదరంగా ఎదురొచ్చారు.

"మీ ఇంటిపేరేంటమ్మా?" అన్నారు. చెప్పాను. "ఏ ఊరు?" అన్నారు. అదీ చెప్పాను.

"అయితే మనవాళ్ళే!" అని కుర్చీ తుడిపించి కాఫీ తెప్పించారు.

మా జిల్లాలో ఇంటిపేరు ఎందుకు అడుగుతారో తెలియనంత అమాయకురాలిని కాను. కానీ అందరూ అడిగేదే కదా అని ఊరుకున్నాను. స్థలమంతా చూపించారు. వంటకి వంటిల్లు వాడుకోమన్నారు. అక్కర్లేదండీ, మాది ఆరుబయట వంటే అన్నాను. ఆ తర్వాత పిల్లలు ఏయే పేటల నుంచి వస్తారని అడిగారు.

"వన్ టౌన్ నుంచి ఎక్కువమందండి. సత్యనారాయణపురం, గుణదల నుంచి కూడా ఉన్నారు."

"గుణదల నుంచా?" అని కాస్త ఆగారు. "సరే సరే. నీళ్ళ గురించి మీకేం బెంగొద్దమ్మా. పిల్లల్ని చేద వెయ్యనివ్వొద్దు. మా వెంకన్న ఉన్నాడు, వాడు తోడి పోస్తాడు."

ఎంత మర్యాద అనుకున్నాను. పరీక్ష పాసవ్వాల్సిన పిల్ల మాత్రం తానే తోడుకోవాలండీ, అది రూలు అని చెబితే, చూద్దాం లెండి అని నవ్వారు. కృతజ్ఞతలు చెప్పి బస్సెక్కాను. బడికి వచ్చి శిబిర ప్రణాళికలో నీటి వసతి ఎదురుగా 'చాలా బాగుంది, మనిషి సాయం కూడా కలదు' అని రాసుకున్నాను. ఆ వాక్యం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రెండోసారి పెట్రోల్ లీడర్లను వెంటబెట్టుకుని వెళ్ళాలి. గుడారాలు ఎక్కడ వేయాలో వాళ్ళే కొలుచుకుని గుర్తులు పెట్టుకుంటారు. ఎండలో ఆ పనంతా అయ్యాక దాహమేసి అందరం బావి దగ్గరికి చేరాం. బావి చుట్టూ సిమెంటు చప్టా. చప్టా మీద వెంకన్న చేంతాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నడివయసు మనిషి. మమ్మల్ని ఒకసారి ఎగాదిగా చూసి, చాలా మామూలుగా, బస్సు కండక్టరు టిక్కెట్టు అడిగినట్టు అడిగాడు.

"ఇందులో తోడుకునేవాళ్ళెవరండి, పోయించుకునేవాళ్ళెవరండి?"

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. సుగుణకు పట్టలేదు. నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల చప్టా దిగి, కింద మట్టిలో నిలబడి, దోసిలి పట్టింది. ఎవరూ ఆమెను దిగమనలేదు. గ్రౌండు దద్దరిల్లేలా ఆర్డర్లు వేసే పిల్ల, కిక్కురుమనకుండా, తన చోటు తనకు తెలిసినట్టు దిగింది. వెంకన్న తప్పు పట్టదగ్గ మనిషి కాదు. అతనికి ఎవరు ఏమిటో తెలియక అడిగాడు. కానీ ఆ దిగడం చూశాక ఆ రోజు నేను నీళ్ళు తాగలేదు.

పిల్లల్ని కాలువ గట్టు మీద కూర్చోబెట్టి కార్యదర్శి గారి గదికి వెళ్ళి సూటిగా అడిగాను.

"నాకేం పట్టింపు లేదమ్మా" అన్నారాయన. "నేను అందరి ఇళ్ళల్లోనూ తింటాను. ఊళ్ళోవాళ్ళే ఊరుకోరు. వాళ్ళ మధ్య బతకాల్సినవాళ్ళం కదా."

ఊళ్ళోవాళ్ళంటే ఎవరో పేర్లు చెప్పండి, వెళ్ళి మాట్లాడతానన్నాను. పేరు ఒక్కటీ రాలేదు. గేటు మీద బోర్డు సంగతేమిటన్నాను.

"గేటు దగ్గర ఎవర్నన్నా ఆపామా అమ్మా? అందర్నీ రమ్మంటున్నాం. అన్నం పెడుతున్నాం, నీళ్ళు పోస్తున్నాం. ఇంకేం కావాలి? ఒకళ్ళు పోస్తుంటే సుఖమే గానీ, కష్టపడి తోడుకోవడమెందుకు?"

రూలు ఒకటుంటే దాని మీద పైవాళ్ళకు రాయొచ్చు. కొట్టేయమని పోట్లాడొచ్చు. ఇక్కడ రూలే లేదు. ఉన్నది ఒక మనిషి, ఒక చేంతాడు, ఒక మర్యాద. ఆ మర్యాదకు మొదటిసారి నా చేత కృతజ్ఞతలు కూడా చెప్పించుకున్నారు. ఇంతటి నేర్పుగల దుర్మార్గాన్ని నేను మళ్ళీ చూడలేదు.

బడికి వచ్చి హెడ్‌మిస్ట్రెస్ గారికి చెప్పాను. ఆవిడ చెడ్డమనిషి కాదు. కానీ గొడవంటే భయం.

"ఆయన నీళ్ళివ్వననలేదు కదమ్మా" అన్నారు. "నువ్వు రాద్ధాంతం చేస్తే రేపు మన బడికి స్థలం ఇచ్చేవాళ్ళెవరుంటారు? కాస్త సర్దుకుపో."

సర్దుకుపోవాల్సింది నేను కాదండీ, సుగుణ అన్నాను. ఆవిడ ఫైలు తెరిచి చదువుకోవడం మొదలుపెట్టారు.

మర్నాడు సుగుణ తండ్రి వచ్చాడు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతులకు గ్రీజు ఉంది. వరండాలో కుర్చీ వేయించి కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"మా అమ్మాయిని మానిపిస్తానండి టీచరుగారూ. మిగతా పిల్లల సరదా ఎందుకు పాడవ్వాలి? మాకిదేం కొత్త కాదు కదండీ."

కార్యదర్శి గారి మీద వచ్చిన కోపం కంటే ఈ తండ్రి మర్యాద చూసి నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఆయన మీద కాదు. కూతురు కష్టపడి సంపాదించుకున్నదాన్ని వదిలేస్తానని చెప్పడానికి వచ్చి, తానే నన్ను ఏదో ఇబ్బంది పెడుతున్నట్టు నిలబడాల్సి రావడం మీద. మానిపించడానికి వీల్లేదు, ఇంకో ఊళ్ళో స్థలం చూస్తాను అని చెప్పి పంపించాను.

ఆ మాటే సుగుణను పిలిచి చెప్పాను. ఆమె నాకేసి చూసి అడిగింది.

"అక్కడ బావి ఉండదా టీచర్?"

ఇంకో ఊరు వెతికే ఆలోచన మానేసి పెట్రోల్ లీడర్లను పిలిచాను.

గైడ్స్‌లో పెట్రోల్ లీడర్ల సభ అని ఒకటుంది. శిబిరం సంగతులు వాళ్ళు కూర్చుని తేలుస్తారు. కెప్టెన్ అందులో ఉంటుంది గానీ, ప్రమాదం ఉంటే తప్ప అడ్డు చెప్పకూడదు. అప్పటిదాకా జరిగిందంతా ఆ సభలో దాచకుండా చెప్పాను. శిబిరం మానేద్దామని ఒకరు, గేటు బోర్డు మీద తారు పూద్దామని ఇంకొకరు. పద్మావతి అని, మల్లె పెట్రోల్ లీడరు, వన్ టౌన్‌లో ధాన్యం కొట్టు వాళ్ళ అమ్మాయి. ఆ పిల్ల అప్పటిదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంది.

"టీచర్, మనందరికీ ఆ వెంకన్నే పొయ్యాలంటే పొయ్యగలడా?"

ఎవరికీ వెంటనే వెలగలేదు. మొదట అర్థమైంది సుగుణకే.

"స్నానాలకి కూడానా?" అంది. అని నవ్వింది. ఆ గొడవ మొదలయ్యాక ఆమె నవ్వడం అదే మొదలు.

తీర్మానం అయింది. పెద్దాచిన్నా ఎవరూ చేద ముట్టకూడదు. మట్టిలో నిలబడి వెంకన్న పోస్తేనే తాగాలి, పోస్తేనే వండాలి, పోస్తేనే కడగాలి. నేను దీన్ని నిరసన అనుకున్నాను. పద్మావతి మాత్రం కొట్లో బస్తాలు మోసేవాళ్ళను చూసిన పిల్ల కాబట్టి వెంకన్న భుజాలను దృష్టిలో పెట్టుకుంది. నేను అడ్డు చెప్పలేదు. నన్నూ కలుపుకోండి అన్నాను.

ఫిబ్రవరిలో శిబిరం. మినుము పీకే రోజులు. ఊరు ఊరంతా చేలల్లోనే ఉంది. లారీలో గుడారాలు, డేగిసాలు వేసుకుని పొద్దున్నే దిగాం. సామాను దించగానే బిందెలు పట్టుకుని బావి దగ్గరికి వెళ్ళాం. వెంకన్న తన ప్రశ్న మళ్ళీ అడిగాడు.

"అందరం పోయించుకునేవాళ్ళమే" అన్నాను.

"తమరు కూడానా అండి?"

"నేను కూడా."

అందరం చప్టా కింద వరసగా నిలబడ్డాం. వెంకన్న బుర్ర గోక్కుని చేద వేశాడు. నా వంతు వచ్చింది. వంగి దోసిలి పట్టి తాగాను. నా జీవితంలో అలా తాగడం అదే మొదటిసారి. నీళ్ళు మోచేతుల దాకా కారి చీర తడిసింది. అది పెద్ద విషయం కాదు. అలా వంగి తాగుతుంటే పోసే మనిషి మొహం చూడలేం, అతని కాళ్ళే కనిపిస్తాయి. సుగుణ ఎన్నేళ్ళుగా ఎన్ని ఊళ్ళల్లో ఎవరెవరి కాళ్ళు చూస్తూ నీళ్ళు తాగిందో అనిపించి నాకు పొలమారింది.

కార్యదర్శి గారు పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

"ఇదేం చోద్యమమ్మా! మీరు పైకి రండి. మనవాళ్ళు ఇలా కింద నిలబడితే చూసేవాళ్ళేమనుకుంటారు?"

"ఊళ్ళోవాళ్ళు ఊరుకోరని మీరేగా అన్నారండీ. వాళ్ళ మనసు కష్టపెట్టకుండా చూస్తున్నాం."

శిబిరం రద్దు చేయమనడానికి ఆయనకు వీల్లేదు. విద్యార్థుల శిబిరం నడిపామని దాతలకు చెప్పుకోవాలి. ముగింపు సభకు పెద్దలను పిలిచేశారు కూడా. మమ్మల్ని పొమ్మనలేరు, పైకి రమ్మంటే మేం రాము. కాసేపు అక్కడక్కడే తిరిగి లోపలికి పోయారు.

నీళ్ళ అవసరం ఎంతో శిబిరం నడిపినవాళ్ళకు తెలుస్తుంది. స్నానాలకు, బియ్యం కడగడానికి, పప్పుకు, గంజి వార్చిన డేగిసాలు తోమడానికి, మరుగుదొడ్ల బకెట్లకు, దుమ్ము లేవకుండా నేల తడపడానికి. మా పిల్లలు వినయంగా వచ్చి బిందె పెట్టి, "కాస్త పోస్తారా అండీ" అనేవారు. బిందె నిండితే వెళ్ళేవారు. వెనకనే ఇంకో పిల్ల. గిలక కీచుమంటూనే ఉంది. వెంకన్నను చూస్తే జాలేసింది. నా కోపం అతని మీద కాదు గానీ నొప్పి మాత్రం అతని చేతులకే. మధ్యలో మజ్జిగ ఇచ్చాను. తాగి మళ్ళీ తోడాడు. మధ్యాహ్నం భోజనాల గిన్నెలు తోమడానికి వచ్చేసరికి చేంతాడు కింద పారేశాడు.

"నా వల్ల కాదు బాబోయ్! ఎవరిక్కావల్సినవి వాళ్ళు తోడుకోండి, మీకు దణ్ణం!"

అని అరచేతులు ఊదుకుంటూ కొబ్బరిచెట్టు మొదట్లో కూలబడ్డాడు.

పిల్లలు ఎవరూ కదల్లేదు. ఖాళీ బిందెలు పట్టుకుని మట్టిలోనే నిలబడ్డారు. సంగతి తెలిసి కార్యదర్శి గారు ఊళ్ళోకి మనిషిని పంపారు. మినుము చేలో కూలి వదులుకుని బావి దగ్గరికి ఎవరొస్తారు? ఒక్కరూ రాలేదు. ఆయన చప్టా ఎక్కి చేంతాడుకేసి చూశారు. మాకేసి చూశారు. ఆయన తోడొచ్చు. ఎవరూ వద్దనలేదు. తోడలేదు.

చివరికి గోడకేసి చూస్తూ, "సరే, కానివ్వండి" అన్నారు.

అంతటితో ఊరుకుంటే పొద్దున్నుంచి పడినదంతా వృథా. 'కానివ్వండి' అన్న మాటకు రేపు ఏ అర్థమైనా చెప్పొచ్చు.

"ఏం కానివ్వమంటారండీ? స్పష్టంగా చెప్పండి. పిల్లలకు ఆర్డరివ్వాలి."

"తోడుకోమనండి."

"ఎవర్ని?"

ఆయన మొహం కందగడ్డలా అయింది. వెంకన్న కూడా ఊదుకోవడం మాని వింటున్నాడు.

"అందర్నీ" అన్నారు. అని గదిలోకి పోయి తలుపేసుకున్నారు.

ఆ సాయంత్రం నీళ్ళ డ్యూటీ వంతు ప్రకారం మందారం పెట్రోల్‌ది. నేను ప్రత్యేకంగా ఎవరినీ పిలవలేదు. సుగుణ తన జట్టును వరసలో నిలబెట్టి, చప్టా ఎక్కి, చేంతాడు ముడి సరిచూసి చేద వదిలింది. పైకి లాగాక ముందుగా ఒక చెంబు నింపి వెంకన్నకు తీసుకెళ్ళి అందించింది. అతను ఒక్క క్షణం చెంబుకేసి చూసి, పుచ్చుకుని గటగటా తాగేశాడు. ఆ తర్వాత మందారం పెట్రోల్ మీద ఆర్డర్ల వర్షం మొదలైంది. కాలువ అవతలికి వినపడి ఉంటుంది.

పరీక్ష రోజున పరీక్షకురాలి ఎదుట తన చేత్తో నీళ్ళు తోడి, కందకం పొయ్యి తవ్వి, అన్నం, పప్పుచారు, వంకాయ కూర వండింది. అన్నం కాస్త మెత్తబడింది. దానికి మార్కు తగ్గింది. మిగతావన్నీ బాగున్నాయి. పాసయింది. పరీక్షకురాలు సంతకం పెడుతుంటే నేను పక్కనే నిలబడి పూర్తయ్యేదాకా చూశాను.

ముగింపు సభలో కార్యదర్శి గారు సర్వజన సమానత్వం గురించి చక్కగా మాట్లాడారు. పెద్దలు చప్పట్లు కొట్టారు. మా పిల్లలు కొట్టలేదు, నేను కొట్టమనలేదు. మరుసటి ఏడు స్థలం కోసం మళ్ళీ రాస్తే మరమ్మతులు జరుగుతున్నాయని జవాబొచ్చింది. ఏ మరమ్మతులో చూద్దామని ఒక శనివారం పనిగట్టుకుని వెళ్ళాను. ఇటుక ముక్క కూడా కదల్లేదు.

సుగుణకు నర్సు ట్రైనింగులో సీటు వచ్చింది. ఇంటర్వ్యూలో బ్యాడ్జి సంగతి ఎవరూ అడగలేదట. తానే తీసి బల్ల మీద పెట్టి, ఇదేంటో అడగండి అందట.

తర్వాత చాలా ఏళ్ళు కొత్త కెప్టెన్లకు శిక్షణ ఇచ్చాను. స్థలం చూడటానికి వెళ్ళినప్పుడు నీళ్ళున్నాయా అని అడిగి ఊరుకోవద్దని, చేద ఎవరు వేస్తారో అడగమని, జవాబు నోటితో చెప్పేదాకా లేవొద్దని చెప్పేదాన్ని. కార్యదర్శి గారి మనసు నేను మార్చలేదు. శిబిరం అయిపోయాక కూడా ఆయన ఆయనే. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నదల్లా, నా పని ఆయన మనసు కాదు, ఆ బావి అని. ఆయన మనసు మారాక తోడుకుందామని ఆగి ఉంటే, సుగుణ ఆ వేసవిలో పరీక్ష పాసవకుండానే స్కూలు వదిలి వెళ్ళేది.